వెలిసిన ఈక, చదునైన ఈక: ఒక పక్షుల పుస్తకంలో రంగులు ఎక్కడ పోయాయి

ఈ కేసులో క్లయింటు ఒకే ఒక్క ఫిర్యాదుతో వచ్చారు: "నా మానిటర్‌లో కనిపించే రంగు ఇంకెక్కడా కనిపించడం లేదు." తవ్వి చూస్తే అది మూడు వేర్వేరు లోపాల కలగలుపు. మూడింటికీ గామట్టే, అంటే ఒక తెరో ప్రెస్సో కలర్ స్పేసో చూపగలిగే రంగుల పరిధే, కారణమని అప్పటికే అందరూ తీర్మానించుకున్నారు. నిజానికి ఒకదానికి గామట్‌తో సంబంధమే లేదు. మరొకటి గామట్ వల్ల వచ్చిందే కానీ, అందరూ వేలు చూపిస్తున్న చోట రాలేదు. వాటిని ఎలా విడదీశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మనిషినీ పుస్తకాన్నీ గుర్తుపట్టించే వివరాలు తీసేశాను, పక్షి జాతి పేరు కూడా చెప్పను. పిక్సెల్ విలువలను చదవడానికి వీలుగా సర్దాను. లెక్క మాత్రం అసలైనదే.

నేపథ్యం

క్లయింటు పక్షుల ఫొటోగ్రాఫర్. ఎన్నో ఏళ్ల పని నుంచి ఏరిన ఫొటోలతో ఒక పుస్తకం, దానికి తోడుగా ఒక వెబ్‌సైట్ తయారవుతున్నాయి. ఫొటోలన్నీ రా ఫైళ్లుగా, అంటే కెమెరా సెన్సర్ పట్టిన ముడి సమాచారంగా, తీసినవే. వాటిని డెవలప్ చేసి, అడోబ్ ఆర్‌జీబీ కలర్ స్పేస్‌లో 8 బిట్ల (ఒక్కో మూలరంగుకు 256 మెట్ల) టిఫ్ ఫైళ్లుగా దాచుకున్నారు. మానిటర్ దాదాపు అడోబ్ ఆర్‌జీబీ మొత్తాన్నీ చూపగలిగే వైడ్ గామట్ రకం. పుస్తకానికి ప్రాణం ఒక పక్షి ఫొటోల వరుస. దాని వీపు మీద, రెక్కల మీద నీలానికీ ఆకుపచ్చకూ నడుమ మెరిసే నెమలికంఠం రంగు.

ఆ రంగు వర్ణద్రవ్యం నుంచి వచ్చేది కాదు. ఈకలోని సూక్ష్మ నిర్మాణం కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని బలపరచి వెనక్కి పంపడం వల్ల పుడుతుంది, అందుకే అంత గాఢంగా ఉంటుంది. కలర్ స్పేస్ అంచులు ఎక్కడున్నాయో మొదట బయటపెట్టేవి ఇలాంటి రంగులే.

పిక్సెల్‌లో ఉండేవి మూడు అంకెలు. అవి ఏ ఎరుపులో, ఏ ఆకుపచ్చలో, ఏ నీలంలో ఎంతో చెప్పేది కలర్ స్పేస్. ఎస్‌ఆర్‌జీబీని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అడోబ్ ఆర్‌జీబీ 1998 నాటిది. ఈ రెండింటి ఎరుపు, నీలం మూలరంగులు ఒక్కటే. తెలుపు కూడా ఒక్కటే, డీ65. తేడా అంతా ఆకుపచ్చలోనే. కంటికి కనిపించే రంగులకు పటం లాంటి సీఐఈ 1931 రేఖాచిత్రంలో ఎస్‌ఆర్‌జీబీ ఆకుపచ్చ 0.30, 0.60 దగ్గర ఉంటే, అడోబ్ ఆర్‌జీబీ ఆకుపచ్చ 0.21, 0.71 దగ్గర ఉంటుంది. కాబట్టి రెండోది అదనంగా ఇచ్చే చోటు దాదాపు అంతా ఆకుపచ్చ, నీలిపచ్చ వైపే. మన పక్షి సరిగ్గా ఆ అదనపు ముక్కలోనే కూర్చుంది.

ఏమి కనిపించింది

వెబ్‌సైట్‌లోని చిన్న బొమ్మల వరుసలో ఈకలు వెలిసిపోయి ఉన్నాయి. బొమ్మను నొక్కి పెద్దది తెరిస్తే రంగు నిండుగానే ఉంది, కానీ ఈకల మీది సన్నని గీతలు మాయమై, రెక్క రంగుకాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది. పుస్తకం ప్రింట్ ప్రూఫ్‌లోనూ, అంటే అచ్చుకు ముందు చూసుకునే నమూనాలోనూ, రెక్క అలాగే ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి మానిటర్‌ను మళ్లీ క్యాలిబ్రేట్ చేయించారు, చిన్న బొమ్మల గాఢత పెంచి చూశారు, ప్రెస్‌తో వాదన కూడా అయింది.

మానిటర్‌ను పరికరంతో కొలిచి, లోపం లేదని తేల్చుకుని పక్కన పెట్టాను. నన్ను ఆపింది క్లయింటు గమనించినా పట్టించుకోని ఒక తేడా. చిన్న బొమ్మల్లో గీతలు ఉన్నాయి, రంగు లేదు. పెద్ద బొమ్మల్లో రంగు ఉంది, గీతలు లేవు. ఒకే కారణం ఈ రెండు ఫలితాలనూ ఇవ్వదు. అంకెలు చెక్కుచెదరకుండా ఉండి వాటి అర్థం పోతే రంగు వెలుస్తుంది, గీతలు మిగులుతాయి. అర్థం నిలిచి అంకెలు అంచుకు కొట్టుకుంటే రంగు మిగులుతుంది, గీతలు పోతాయి. ఇక ఆ రెండు దారుల్లో విడివిడిగా వెతికాను.

వెలిసిన ఈక

చిన్న బొమ్మ ఫైలు తెరిచి చూస్తే అందులో ఐసీసీ ప్రొఫైల్, అంటే అంకెలు ఏ కలర్ స్పేస్‌కు చెందినవో చెప్పే చీటీ, లేదు. దానికి అడోబ్ ఆర్‌జీబీ ప్రొఫైల్ అంటగట్టాను. అంకెల్లో ఒక్కటీ మారలేదు, కానీ ఈక రంగు గీతలతో సహా తిరిగి వచ్చింది. రోగనిర్ధారణకు ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ప్రొఫైల్ అంటగట్టడం అంకెలను అలాగే ఉంచి అర్థాన్ని మారుస్తుంది, కన్వర్ట్ చేయడం అర్థాన్ని ఉంచి అంకెలను మారుస్తుంది. సాఫ్ట్‌వేర్ మెనూలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. నేను చూసే కేసుల్లో చాలావాటికి మూలం అక్కడే.

కారణం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. వెబ్‌సైట్ అసలు టిఫ్‌ల నుంచి చిన్న బొమ్మలను తనంతట తానే తయారు చేసుకుంటోంది. ఆ క్రమంలో ఫైలు సైజు తగ్గించాలని మెటాడేటాతో పాటు ప్రొఫైల్‌నూ ఊడబెరుకుతోంది. ప్రొఫైల్ లేని బొమ్మను బ్రౌజర్ ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది. అడోబ్ ఆర్‌జీబీలో 80, 170, 160 అన్న అంకెలు గాఢమైన నెమలికంఠం రంగు. అవే అంకెలను ఎస్‌ఆర్‌జీబీగా చదివితే బూడిద కలిసిన నీలిపచ్చ. ఇంతకీ పొదుపు కోసం పారేసిన ఆ అడోబ్ ఆర్‌జీబీ ప్రొఫైల్ బరువు 560 బైట్లు. తెలుగులో ఒక మామూలు వాక్యం రాయడానికే అందులో సగం దాకా కావాలి.

ఇక్కడ గామట్ ప్రమేయం సున్నా. గాఢత పెంచి సరిదిద్దబోతే, చిన్న బొమ్మలో మిగిలి ఉన్న గీతలు కూడా పోయేవి.

చదునైన ఈక

చిన్న బొమ్మలు వెలిసిపోతున్నాయని తెలిశాక వెబ్‌సైట్ చేసినవారు పెద్ద బొమ్మలన్నిటినీ ఎస్‌ఆర్‌జీబీలోకి కన్వర్ట్ చేశారు. ఆలోచన సరైనదే. కానీ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కారణం తెలియాలంటే మూడు పిక్సెళ్లను దగ్గరగా చూడాలి.

రెక్క మీద పక్కపక్కనే ఉన్న మూడు పిక్సెళ్లు అడోబ్ ఆర్‌జీబీలో ఇలా ఉన్నాయనుకుందాం: (40, 170, 160), (60, 170, 160), (80, 170, 160). ఆకుపచ్చ, నీలం మూడింటిలోనూ సమానం. ఈక గీతను గీతగా చూపిస్తున్నది ఎరుపులోని తేడా ఒక్కటే. అంకెలను అసలు కాంతి పరిమాణాలుగా విప్పాక, ఎస్‌ఆర్‌జీబీలోని కొత్త ఎరుపు అంటే పాత ఎరుపుకు 1.40 రెట్లు తీసుకుని, అందులోంచి పాత ఆకుపచ్చకు 0.40 రెట్లు తీసివేయగా వచ్చేది. మూడో పిక్సెల్‌లో ఎరుపు కాంతి 0.078, ఆకుపచ్చ కాంతి 0.410. 0.109లోంచి 0.164 తీసేస్తే సున్నా కంటే తక్కువ వస్తుంది. ఎనిమిది బిట్ల ఫైల్లో రుణ సంఖ్యకు చోటు లేదు, కాబట్టి అది సున్నా అవుతుంది. మిగతా రెండు పిక్సెళ్లలో ఇంకా తక్కువ, అవీ సున్నాయే. ఫలితంగా మూడూ ఒకే పిక్సెల్‌గా మారాయి: 0, 171, 161. ఆకుపచ్చ, నీలం ఆ స్థాయిలో ఉన్నప్పుడు ఎరుపు సుమారు 96 దాటని ప్రతి పిక్సెల్‌కూ అదే గతి.

పెద్ద బొమ్మలో ఎరుపు ఛానెల్ (ఎరుపు అంకెలను మాత్రమే చూపే పొర) ఒక్కదాన్నే తెరిచి చూపించాను. రెక్క మొత్తం నల్లటి గుడ్డి మచ్చ. అసలు టిఫ్‌లో అదే ఛానెల్‌లో ఈకల గీతలన్నీ ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కన చూశాక క్లయింటు మానిటర్ మాట మళ్లీ ఎత్తలేదు.

ప్రూఫ్ సంగతి

ప్రెస్ గామట్ చిన్నది కాబట్టే ప్రూఫ్‌లో గీతలు పోయాయన్నది అందరి నమ్మకం. నాకు అనుమానం వచ్చింది ఆ పోలిక మరీ కచ్చితంగా ఉండటం వల్ల. ప్రూఫ్‌లో చదునైన ప్రాంతపు సరిహద్దు, వెబ్ బొమ్మలో చదునైన ప్రాంతపు సరిహద్దు అణువణువూ ఒక్కటే. సీఎంవైకే, అంటే ప్రెస్ వాడే సయాన్ (నీలిపచ్చ), మెజెంటా, పసుపు, నలుపు సిరాల గామట్ ఎస్‌ఆర్‌జీబీ లోపల ఒదిగే చిన్న పెట్టె కాదు, దాని ఆకారమే వేరు. ప్రెస్ ఎరుపు, ఊదా, లేత ఆకుపచ్చల్లో గాఢతను పోగొట్టుకుంటుంది. సయాన్ వైపు మాత్రం ఎస్‌ఆర్‌జీబీ కంటే ముందుకు వెళుతుంది. నున్నటి కాగితం మీద నిండుగా పడిన సయాన్ సిరాను చూపించే శక్తి ఎస్‌ఆర్‌జీబీకి లేదు. కాబట్టి ప్రెస్ కోత కోస్తే వేరే చోట, వేరే ఆకారంలో కోయాలి. సరిహద్దు ఒకటే అయిందంటే, కోత ప్రెస్‌కు చేరకముందే జరిగింది.

అదే నిజమైంది. అన్ని చోట్లా సరిగ్గా తెరుచుకుంటున్నాయని పుస్తకం డిజైనర్ వెబ్ కోసం తయారైన ఎస్‌ఆర్‌జీబీ ఫైళ్లనే వాడుకున్నారు. వాటిని తర్వాత సీఎంవైకేలోకి మార్చారు. ప్రెస్ అచ్చువేయగలిగే రంగును దానికి అందకుండా మనమే మధ్యలో తీసేశాం.

ఏవి పనిచేయలేదు

మొదటి సూచన డిజైనర్ నుంచి వచ్చింది: కన్వర్ట్ చేసేటప్పుడు రెలెటివ్ కలరిమెట్రిక్ బదులు పర్సెప్చువల్ ఎంచుకుందాం. పుస్తకాల్లో చదివితే ఇది సబబుగానే అనిపిస్తుంది. రెలెటివ్ కలరిమెట్రిక్ గామట్ బయటి రంగును అంచు మీదికి లాగి వదిలేస్తుంది, పర్సెప్చువల్ మొత్తం రంగులను సర్ది లోపల ఇముడుస్తుంది అని రాసి ఉంటుంది. రెండు రకాలుగానూ కన్వర్ట్ చేసి, డిథరింగ్ (మెట్లు కనపడకుండా సాఫ్ట్‌వేర్ కలిపే సన్నని గరుకు) ఆపి, ఒక ఫైల్లోంచి మరొకటి తీసివేశాం. ఫలితం నిఖార్సైన నలుపు, అంటే రెండు ఫైళ్లూ ఒక్కటే. అడోబ్ ఆర్‌జీబీ, మామూలు ఎస్‌ఆర్‌జీబీ రెండూ మాట్రిక్స్ ప్రొఫైళ్లు. వాటిలో మూలరంగుల లెక్క, టోన్ వక్రరేఖలు తప్ప ఇంకేమీ ఉండవు. రంగులను ఎలా ఇమడ్చాలో చెప్పే పట్టికలు లేని చోట పర్సెప్చువల్ అన్న బటన్ నొక్కినా సాఫ్ట్‌వేర్ చేసేది కోతే. ఈ విషయం తెలియక ఏళ్ల తరబడి ఆ బటన్‌ను నమ్మినవారు నాకు ఎంతోమంది తెలుసు.

పట్టికలు ఉన్న ఎస్‌ఆర్‌జీబీ వెర్షన్ 4 ప్రొఫైల్‌నూ ప్రయత్నించాం. అది గామట్ లోపల హాయిగా ఉన్న రంగులను కూడా కదిలించింది. కొమ్మల గోధుమ, నేపథ్యపు బూడిద తేడాగా కనిపించాయి. ఒక రెక్క కోసం ఫొటో మొత్తాన్ని పందెం కాయడం నాకు ఇష్టం లేకపోయింది. మొత్తం బొమ్మ గాఢత తగ్గించడం కూడా ఇదే తప్పు దారి. రెక్క లోపలికి వచ్చేసరికి ముక్కు ఎరుపు చచ్చిపోయింది.

ఏది పనిచేసింది

అడోబ్ ఆర్‌జీబీ టిఫ్‌లను వదిలి రా ఫైళ్ల దగ్గరికి వెళ్లాలని నిర్ణయించాను. కారణాలు రెండు. బాగా వెలుతురు పడ్డ కొన్ని ఈకలు అడోబ్ ఆర్‌జీబీ అంచునూ దాటాయి, టిఫ్‌లోనే అక్కడ ఎరుపు సున్నా. పైగా 8 బిట్ల ఫైల్లో గట్టిగా సవరణలు చేస్తే, నున్నగా మారాల్సిన రంగుల్లో పట్టీలు బయటపడతాయి. రా ఫైలుకు కలర్ స్పేస్ అంటూ ఉండదు, డెవలప్ చేసేటప్పుడు మనం ఇచ్చేదే. ప్రోఫోటో ఆర్‌జీబీలో, 16 బిట్లలో మళ్లీ డెవలప్ చేసి వాటినే మాతృక ఫైళ్లుగా పెట్టుకున్నాం. ప్రోఫోటో మూలరంగుల్లో రెండు మనిషి కన్ను చూడగలిగే రంగుల పరిధికే బయట ఉంటాయి. అంత విశాలమైన చోటును ఛానెల్‌కు 256 మెట్లతో నింపడం కుదరదు, అందుకే 16 బిట్లు తప్పనిసరి. ఇంకో జాగ్రత్త: ఈ స్పేస్‌లో హిస్టోగ్రాం (పిక్సెల్ విలువల పంపిణీ చూపే గ్రాఫ్) చూస్తే ఏదీ అంచుకు తగలదు, అంతా క్షేమంగా కనిపిస్తుంది. ఎస్‌ఆర్‌జీబీకి సాఫ్ట్ ప్రూఫ్ (కన్వర్ట్ చేస్తే ఎలా ఉంటుందో తెర మీదే ముందుగా చూపే ఏర్పాటు) పెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లోని గామట్ హెచ్చరిక బయట ఉన్నదేదో చెబుతుంది కానీ ఎంత బయట ఉందో చెప్పదు. అందుకని ఒక నకలును కన్వర్ట్ చేసి, దాని ఎరుపు ఛానెల్‌ను కూడా పక్కన తెరిచి ఉంచుకుని పనిచేశాం.

వెబ్ కాపీకి రెక్క వరకు మాస్కు గీసి, ముందుగా క్లయింటును ఒకటి అడిగాను: ఏది వదులుకోగలరు? రంగును కాస్త ఆకుపచ్చ వైపో నీలం వైపో జరిపితే ఎక్కువ గాఢత దక్కుతుంది, ఎందుకంటే ఎస్‌ఆర్‌జీబీ బాగా ఇరుకుగా ఉండేది ఆ రెంటి మధ్యలోనే. ఆయన ఒప్పుకోలేదు. పక్షిని గుర్తుపట్టేది ఆ వర్ణంతోనే, గాఢత తగ్గినా ఫరవాలేదు అన్నారు. ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది చిత్రం ఎవరిదో వారే, ఏ ప్రొఫైలూ చెప్పలేదు.

కాబట్టి వర్ణాన్ని ముట్టుకోకుండా గాఢత తగ్గించాం, రెక్క వెలుతురు కొద్దిగా పెంచాం. గామట్ నిజానికి త్రిమితీయ ఘనరూపం. మనం చూసే త్రిభుజం దాని నీడ మాత్రమే, వెలుతురు అన్న కొలత అందులో కనిపించదు. ఈ వర్ణంలో ఎస్‌ఆర్‌జీబీ అతి ఎక్కువ గాఢత ఇచ్చేది బాగా వెలుతురున్న స్థాయిలో. అందుకే ఒక మెట్టు పైకి జరిగితే చోటు పెరుగుతుంది. మరీ పెంచితే రెక్క గుండ్రదనం పోతుంది, కాబట్టి ఎంత అన్నది కళ్లతో తేల్చుకోవాల్సిందే.

అసలు ఫలితాన్ని తెచ్చింది మూడో పని. పోయిన గీతలు ఎరుపు ఛానెల్‌లో ఉన్నాయని తెలుసు. మాతృక ఫైల్లోని ఎరుపు ఛానెల్‌ను తీసుకుని, హై పాస్ ఫిల్టర్‌తో సన్నని తేడాలను మాత్రమే వడకట్టి, ఆ పొరను వెలుతురుకు మాత్రమే వర్తించేలా రెక్క మీద తక్కువ మోతాదులో కలిపాం. కన్వర్ట్ అయ్యాక ఎరుపు సున్నా దగ్గర ఉన్న చోట్ల కూడా ఆ తేడా ఇప్పుడు ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో మోగుతుంది. రంగుగా ఉండాల్సిన సమాచారం వెలుగునీడగా మారింది. అది అసలుకు నూటికి నూరుపాళ్లు నిజం కాదు, కానీ చూసేవారికి ఈక ఈకలా కనిపిస్తుంది.

వైడ్ గామట్ తెరలు ఉన్నవారి కోసం డిస్‌ప్లే పీ3 అనే మరో కలర్ స్పేస్‌లో రెండో కాపీ ఇచ్చాం. తెర సామర్థ్యాన్ని బట్టి ఏ ఫైలు తీసుకోవాలో బ్రౌజర్ తేల్చుకుంటుంది. దీనితో సమస్య మొత్తం తీరుతుందని క్లయింటు ఆశపడ్డారు. మన మూడు పిక్సెళ్ల లెక్కే మళ్లీ వేస్తే, ఎరుపు 80 ఉన్నది పీ3లో ఇముడుతుంది, 40, 60 ఉన్నవి ఇమడవు. కోత హద్దు 96 నుంచి 67 దగ్గరికి దిగింది, అంతే. పీ3 బాగా ఉదారంగా ఉండేది ఎరుపు, నారింజ వైపు. నీలిపచ్చలో అడోబ్ ఆర్‌జీబీదే పైచేయి. అందుకని పీ3 కాపీకీ అవే సవరణలు చేశాం, కాకపోతే తక్కువ మోతాదులో.

పుస్తకానికి మధ్యలో ఎస్‌ఆర్‌జీబీ లేకుండా మాతృక నుంచి నేరుగా ప్రెస్ ఇచ్చిన ఫోగ్రా51 (పూత కాగితం మీది అచ్చుకు ప్రామాణిక కొలతలు) ఆధారిత ప్రొఫైల్‌లోకి వెళ్లాం. ప్రెస్ ప్రొఫైళ్లలో పట్టికలు ఉంటాయి, ఇక్కడ రెండరింగ్ ఇంటెంట్, అంటే పర్సెప్చువలా రెలెటివ్ కలరిమెట్రికా అన్న ఎంపికకు నిజంగా అర్థం ఉంది. చాలా ఫొటోలకు రెలెటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో (ఫైలు నలుపును కాగితం మీది నలుపుకు సరిపెట్టే సర్దుబాటుతో) సరిపోయింది, ఎందుకంటే బయట ఉన్న రంగులు కొద్దివే, లోపలివి కదలకుండా ఉండాలి. ఫ్రేము నిండా రెక్కలే ఉన్న కొన్నింటికి పర్సెప్చువల్ మేలైంది. కొత్త ప్రూఫ్‌ను, అచ్చు చూడటానికి ప్రమాణమైన డీ50 వెలుతురులో చూశాం. రెక్క ఎస్‌ఆర్‌జీబీ తెర మీద కంటే కాగితం మీదే అసలుకు దగ్గరగా ఉంది.

నా పద్ధతిలో మారినవి

వెలిసిందా, చదునైందా అన్న ప్రశ్నను ఇప్పుడు ఫోన్‌లోనే అడుగుతున్నాను. జవాబు వచ్చేసరికి ఏ ఫైలు పంపమనాలో తెలిసిపోతుంది. తర్వాత ఫైలు చేతులు మారిన ప్రతి చోటి నుంచీ ఒక నమూనా తెప్పించుకుంటాను, కేవలం చివరిది కాదు. ఈ కేసులో డిజైనర్ దగ్గరి ఫైలు ముందే వచ్చి ఉంటే ప్రెస్‌తో వాదన తప్పేది. ఎవరైనా ఒక తెర ఇంత శాతం గామట్ కవర్ చేస్తుందని చెబితే, ఏ దిశలో అని అడుగుతాను. శాతం పెద్దదే అయినా, మన రంగు ఉన్న మూల అందులో లేకపోవచ్చు.

అన్ని ఫొటోలూ దారికి రాలేదు. గాఢమైన ఊదానీలం పక్షి ఫొటో ఒకటి తెర మీద అద్భుతంగా ఉండి, ప్రూఫ్‌లో ప్రతిసారీ మసకబారింది. ఆ దిశలో సీఎంవైకేకు చోటు లేదు, ఇంటెంట్ ఏదైనా. దాన్ని పుస్తకంలోంచి తీసి వెబ్‌సైట్‌కే ఉంచారు. ఆ పేజీలో అదే పక్షి నీడలో కూర్చున్న ఫొటో వేశారు.